రాజు పంపని రాయబారి: దీనబంధు ఆండ్రూస్

దక్షిణ ఢిల్లీలో సౌత్ ఎక్స్‌టెన్షన్‌కు దగ్గరగా ఆండ్రూస్ గంజ్ అనే కాలనీ ఉంది. అక్కడ ప్రభుత్వ ఉద్యోగుల క్వార్టర్లు ఉన్నాయి, ఒక కేంద్రీయ విద్యాలయం కూడా ఉంది. అమ్మకో నాన్నకో బదిలీ అయి ఢిల్లీ వచ్చిన పిల్లలు ఆ పేరును చిరునామాలో ఎన్నోసార్లు రాసి ఉంటారు. మరి ఆ ఆండ్రూస్ ఎవరు? పేరు చూస్తే ఇంగ్లీషు దొర పేరులా ఉంది. తెల్లదొరల పాలన పోయి ఇన్నేళ్లయినా రాజధానిలో ఆయన పేరు ఎందుకు నిలిచింది?

జవాబు ఒక్క ముక్కలో చెప్పవచ్చు. ఆయన మనవాళ్ల తరఫున మాట్లాడిన మనిషి. 'మనవాళ్లు' అంటే ఢిల్లీవాళ్లు మాత్రమే కాదు. గోదావరి, కృష్ణా, విశాఖపట్నం జిల్లాల నుంచి ఓడలెక్కి వెళ్లిన తెలుగు కూలీలు కూడా అందులో ఉన్నారు.

'రాయబారి' అనగానే మనకు శ్రీకృష్ణ రాయబారం గుర్తుకొస్తుంది. రాయబారి రెండు పక్షాల మధ్య నిలబడి, యుద్ధం లేకుండా న్యాయం జరిగేలా మాట్లాడాలి. మామూలుగా రాయబారిని రాజో ప్రభుత్వమో పంపుతుంది. ఆండ్రూస్‌కు ఏ ప్రభుత్వమూ పదవి ఇవ్వలేదు. అయినా ఆయన దక్షిణాఫ్రికాలో, ఫిజీలో, తూర్పు ఆఫ్రికాలో భారతీయుల పక్షాన రాయబారం నడిపారు. అక్కడ చూసినదాన్ని పత్రికల్లో రాశారు. కలరా సోకిన కూలీలకు స్వయంగా సేవ చేశారు. రాయబారం, పత్రికారచన, సేవ అనే మూడు పనులు ఆయన జీవితంలో ఎలా కలిశాయో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఢిల్లీకి వచ్చిన ఉపాధ్యాయుడు

చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్ 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లాండులోని న్యూకాసిల్ పట్టణంలో పుట్టారు. తండ్రి మతబోధకుడు. నమ్మిన స్నేహితుడు మోసం చేయడంతో కుటుంబం ఆస్తి పోగొట్టుకుంది. దాంతో ఆండ్రూస్ బాల్యం ఇబ్బందుల్లోనే గడిచింది. బర్మింగ్‌హామ్‌లో బడి చదువు, కేంబ్రిడ్జిలో కళాశాల చదువు పూర్తి చేశారు. తరువాత లండన్ నగరంలోని పేదల పేటలో కొంతకాలం పనిచేశారు.

1904లో ఆయన ఢిల్లీ వచ్చి సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో అధ్యాపకుడిగా చేరారు. అప్పుడు ఆ కళాశాల కశ్మీరీ గేటు దగ్గర ఉండేది. అప్పటికి ఢిల్లీ ఇంకా రాజధాని కాలేదు. రాజధానిని కలకత్తా నుంచి ఇక్కడికి మారుస్తామన్న ప్రకటన 1911 డిసెంబరులో వచ్చింది.

కళాశాలలో ఆయనకు సుశీల్ కుమార్ రుద్ర అనే బెంగాలీ అధ్యాపకుడు ప్రాణస్నేహితుడయ్యారు. 1906లో ప్రిన్సిపాల్ పదవి ఖాళీ అయింది. ఆ పదవిని ఇంగ్లీషువారికే ఇవ్వడం అప్పటి ఆనవాయితీ. అర్హత, అనుభవం ఉన్న రుద్రనే నియమించాలని ఆండ్రూస్ పట్టుబట్టారు. అలా ఆ కళాశాలకు మొదటి భారతీయ ప్రిన్సిపాల్ వచ్చారు. తనకంటే అనుభవజ్ఞుడైన భారతీయుడి కింద పనిచేయడం ఆండ్రూస్‌కు చిన్నతనం అనిపించలేదు.

పాత ఢిల్లీలో మున్షీ జకావుల్లా అనే వృద్ధ పండితుడు ఉండేవారు. ఆండ్రూస్ ఆయన దగ్గర కూర్చుని నగరపు పాత చరిత్ర విన్నారు. తరువాత ఆ పండితుడి జీవితం మీద ఒక పుస్తకమే రాశారు. కొత్త ఊరికి వచ్చినవాడు ముందు ఆ ఊరి పెద్దల మాట వినాలని ఆయన పద్ధతి. తరువాత ఆయన ఎక్కడికి వెళ్లినా ఇదే పద్ధతి పాటించారు.

గిర్మిట్ అంటే ఏమిటి?

ఆండ్రూస్ చేసిన అసలు పని అర్థం కావాలంటే ముందు 'గిర్మిట్' అనే మాట తెలియాలి. 'అగ్రిమెంట్' అనే ఇంగ్లీషు మాట కూలీల నోట నలిగి నలిగి గిర్మిట్ అయింది. ఆ ఒప్పందం మీద వెళ్లినవారిని గిర్మిటియాలు అన్నారు.

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల యజమానులకు కూలీలు కావలసి వచ్చారు. వారి చూపు భారతదేశం మీద పడింది. మారిషస్, దక్షిణాఫ్రికాలోని నేటాల్, ఫిజీ వంటి చోట్లకు లక్షల మందిని ఓడల్లో తీసుకువెళ్లారు. నేటాల్‌కు కూలీలతో మొదటి ఓడ మద్రాసు నుంచే వెళ్లింది. 1860 నవంబరు 16న అది డర్బన్ రేవు చేరింది. ఫిజీకి 1879 నుంచి 1916 వరకు 60,000 మందికి పైగా వెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా కూడా ఫిజీకి కూలీలను పంపారు. అలా వెళ్లినవారు సుమారు 15,000 మంది. వారిలో తమిళులు, తెలుగువారు, మలయాళీలు ఉన్నారు.

ఫిజీ ఒప్పందం ఇలా ఉండేది. అయిదేళ్లు తోటలో పనిచేయాలి. అప్పజెప్పిన పని పూర్తి చేస్తే మగవారికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవారికి 9 పెన్నీలు కూలి. పని పూర్తి కాకపోతే కూలి తగ్గుతుంది. పనికి రాకపోతే అది నేరం. దానికి జరిమానా, జైలు కూడా ఉన్నాయి. యజమాని నచ్చకపోయినా మధ్యలో మానేసి వెళ్లడానికి వీల్లేదు. పదేళ్లు ఉన్నవారికి మాత్రం తిరుగు ప్రయాణం ఉచితం.

కాగితం మీద ఇది ఒప్పందమే. కానీ వేలిముద్ర వేసినవారిలో చాలామందికి చదువు రాదు. ఫిజీ ఎక్కడుందో తెలియదు. కలకత్తాకు కొంచెం అవతల ఉందని దళారులు చెబితే నమ్మినవారున్నారు. ఆవిరి ఓడలో నెల రోజులు దాటినా నేల కనిపించకపోయాక మోసం తెలిసేది. అప్పటికి వెనక్కు వెళ్లే దారి లేదు.

డర్బన్ రేవులో

నేటాల్‌లో ఒప్పందం ముగిశాక అక్కడే ఉండిపోయిన కూలీల మీద ఏటా 3 పౌన్ల తలపన్ను ఉండేది. నిరుపేద కూలీకి అది మోయలేని బరువు. దాన్ని రద్దు చేయాలని 1913లో గాంధీజీ నాయకత్వంలో వేలమంది గని కూలీలు, తోట కూలీలు సమ్మె చేశారు. గాంధీజీని, మరెందరినో జైలులో పెట్టారు. గోపాలకృష్ణ గోఖలే కోరిక మీద ఆండ్రూస్, తన మిత్రుడు విలియం పియర్సన్‌తో కలిసి దక్షిణాఫ్రికాకు బయలుదేరారు.

1914 జనవరి మొదట్లో వారి ఓడ డర్బన్ చేరింది. రేవులో గాంధీజీ ఎవరని ఆండ్రూస్ అడిగారు. గుండు చేయించుకుని ముతక బట్టలు కట్టుకున్న ఒక సన్నటి మనిషిని చూపించారు. ఆండ్రూస్ వంగి ఆయన పాదాలు తాకారు. ఒక ఆంగ్లేయుడు అందరి ముందూ భారతీయుడి కాళ్లకు నమస్కరించడం అక్కడి తెల్లవారికి కంటగింపైంది. పత్రికల్లో దుమారం రేగింది. తరువాతి కాలంలో గాంధీజీని 'మోహన్' అని పేరు పెట్టి పిలిచే చనువు ఉన్న కొద్దిమందిలో ఆండ్రూస్ ఒకరు. గాంధీజీకి ఆయన 'చార్లీ'.

దక్షిణాఫ్రికా ప్రభుత్వం తరఫున జనరల్ స్మట్స్ మాట్లాడుతున్నారు. ఆండ్రూస్ స్మట్స్‌ను కలిశారు, గాంధీజీతోనూ మాట్లాడారు. ఒకరి మాటను మరొకరు అనుమానించకుండా చూశారు. ఆ రోజుల్లోనే ఇంగ్లాండులో ఆయన తల్లి చనిపోయారు. దూరదేశంలో ఆ కబురు విని కుమిలిపోయినా చేపట్టిన పని మాత్రం వదల్లేదు. ఆ ఏడాది మధ్యలో గాంధీజీకి, స్మట్స్‌కు మధ్య ఒప్పందం కుదిరింది. 3 పౌన్ల పన్ను రద్దయింది.

ఈ విజయం ఆండ్రూస్ ఒక్కరిది కాదు. సమ్మె చేసి దెబ్బలు తిన్న కూలీలదీ, జైలుకు వెళ్లిన స్త్రీలదీ, వారిని నడిపించిన గాంధీజీదీ. అయితే రెండు పక్షాలూ నమ్మిన ఒక మూడో మనిషి ఉండడం వల్ల మాటలు తెగిపోలేదు. రాయబారి చేయవలసిన పని అదే.

ఫిజీ: చూసి రాసిన నివేదిక

1915లో ఆండ్రూస్, పియర్సన్ ఇద్దరూ ఫిజీకి వెళ్లారు. గిర్మిట్ పద్ధతి ఎలా నడుస్తున్నదో స్వయంగా చూడాలనుకున్నారు. ప్రభుత్వం పంపిన విచారణ కాదది. తమంతట తాము చేసిన స్వతంత్ర విచారణ.

కూలీల నివాసాలను 'లైన్లు' అనేవారు. ఇరుకు గదుల వరుసలవి. ఆండ్రూస్, పియర్సన్ ఆ లైన్లలోకి వెళ్లి కూలీలతో మాట్లాడారు. ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరు తీసుకువచ్చారు, ఏమి చెప్పి తీసుకువచ్చారు అని అడిగారు. అంతటితో ఆగకుండా తోటల యజమానులను, అధికారులను కూడా కలిసి వారి మాట విన్నారు. ప్రభుత్వం దగ్గర ఉన్న లెక్కలు చూశారు. ప్రతి 100 మంది మగవారికి 40 మంది ఆడవారు ఉండాలన్నది అప్పటి నియమం. దానివల్ల కుటుంబ జీవితం ఎలా చెదిరిపోయిందో, స్త్రీల బతుకు ఎంత అభద్రంగా మారిందో చూశారు. నిరాశతో ప్రాణాలు తీసుకున్న కూలీల సంఖ్య మన దేశంలో కంటే అక్కడ ఎన్నో రెట్లు ఎక్కువని గుర్తించారు.

1916 ఫిబ్రవరిలో వారి నివేదిక అచ్చయింది. లోపాలను అక్కడక్కడా సరిదిద్దితే చాలదని, ఈ పద్ధతినే ఎత్తివేయాలని అందులో తేల్చి చెప్పారు. మరుసటి నెలలో పండిత మదన్ మోహన్ మాలవీయ కేంద్ర శాసనమండలిలో గిర్మిట్ రద్దు తీర్మానం పెట్టారు. వైస్రాయ్ లార్డ్ హార్డింజ్ దాన్ని సూత్రప్రాయంగా అంగీకరించారు. కానీ ఎప్పటి నుంచో చెప్పలేదు. దేశమంతటా సభలు జరిగాయి. స్త్రీలు కూడా ముందుకు వచ్చి నిరసన తెలిపారు. 1917లో కూలీల ఎగుమతి ఆగింది. ఆ ఏడాది ఆండ్రూస్ రెండోసారి ఫిజీకి వెళ్లి, అక్కడ ఇంకా గిర్మిట్‌లో ఉన్నవారి స్థితి చూసి మళ్లీ రాశారు. చివరకు 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. అయిదేళ్లు పూర్తికానివారు కూడా ఆ రోజు స్వేచ్ఛ పొందారు.

దీనులకు చుట్టం అనే అర్థంలో ఆయనకు 'దీనబంధు' అనే పేరు వచ్చింది.

కలమే ఆయుధం

సైన్యం, ధనం, అధికారం లేని మనిషికి బలం ఎక్కడిది? ఆండ్రూస్ బలం ఆయన కలంలో ఉంది. కలకత్తా నుంచి వెలువడే 'మోడరన్ రివ్యూ' వంటి పత్రికలకు ఆయన విరివిగా రాశారు. ఇక్కడి సంగతులు ఇంగ్లాండు పాఠకులకు, అక్కడి సంగతులు ఇక్కడి పాఠకులకు తెలియజేశారు.

1919లో పంజాబులో జలియన్‌వాలాబాగ్ దారుణం జరిగింది. సైనిక శాసనం విధించి వార్తలు బయటకు రాకుండా చేశారు. భారతీయ పత్రికల తరఫున నిజం తెలుసుకోవడానికి ఆండ్రూస్ బయలుదేరితే అమృత్‌సర్‌లో ఆపి వెనక్కు పంపేశారు. కొన్ని నెలల తరువాత అనుమతి దొరకగానే మళ్లీ వెళ్లి బాధితుల మాటలు సేకరించారు.

1921లో అస్సాం వైపు తేయాకు తోటల కూలీలు వేల సంఖ్యలో పని విడిచి సొంత ఊళ్లకు బయలుదేరారు. దారిలో చాంద్‌పూర్ దగ్గర చిక్కుకుపోయారు. సిపాయిలు వారిని కొట్టి తరిమారు. ఆ మీద కలరా వచ్చింది. ఆండ్రూస్ అక్కడికి వెళ్లి రోగులకు సేవ చేశారు, ప్రభుత్వంతో వాదించారు, జరిగినదంతా పత్రికలకు రాశారు. అక్కడ ఆయన ఒకే వారంలో సేవకుడు, రాయబారి, విలేఖరి మూడూ అయ్యారు.

1924 సెప్టెంబరులో హిందూ ముస్లిం ఐక్యత కోసం గాంధీజీ ఢిల్లీలో 21 రోజుల నిరాహారదీక్ష చేశారు. ఆ రోజుల్లో ఆండ్రూస్ ఆయన పక్కనే ఉండి కనిపెట్టుకున్నారు. గాంధీజీ పత్రిక 'యంగ్ ఇండియా' సంపాదక బాధ్యతను కూడా చూశారు. అక్టోబరు 8న దీక్ష విరమించే వేళ ఒక క్రైస్తవ భక్తిగీతం పాడారు. తరువాత 1925లో, 1927లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షులయ్యారు.

మాట పడినా మానలేదు

రెండు పక్షాల మధ్య నిలబడేవాడు ఇద్దరి చేతా మాట పడతాడు. ఆండ్రూస్‌కూ అది తప్పలేదు. తెల్లవారిలో కొందరు ఆయన్ను జాతిద్రోహి అన్నారు. కెన్యాలో రైలులో వెళ్తుండగా కొందరు తెల్ల వలసదారులు ఆయన మీద చేయి చేసుకున్నారు. ఇటు మనవారిలోనూ, ఎంతైనా ఇంగ్లీషు పాదిరీ కదా అని అనుమానించినవారున్నారు. ఆయన ఎవరి మీదా ద్వేషం పెంచుకోలేదు. అలాగని నిజాన్ని తగ్గించి చెప్పలేదు.

ఆయన పని అంతా సులువుగా, సంపూర్ణంగా జరిగిందనుకోకూడదు. గిర్మిట్ రద్దయ్యాక ఫిజీ నుంచి ఎందరో కూలీలు ఆశగా తిరిగి వచ్చారు. సముద్రం దాటినవారని, కులం చెడ్డదని కొన్ని ఊళ్లు వారిని రానివ్వలేదు. చేతిలోని డబ్బు అయిపోయింది. మళ్లీ ఓడ ఎక్కించమని వేడుకుంటూ వారు కలకత్తా శివారులోని మటియాబుర్జ్‌లో పడి ఉన్నారు. ఆండ్రూస్ వారి కోసం తిరిగారు, రాశారు. కానీ పోయిన ఊరిని తిరిగి తెచ్చి ఇవ్వడం ఆయన వల్ల కాలేదు. చట్టాన్ని ఒక సంతకంతో రద్దు చేయవచ్చు గానీ మనుషుల మనసులోని గోడ అలా కూలదు. తరచూ ఊళ్లు మారే మన వంటి కుటుంబాల పిల్లలకు ఈ సంగతి కొంచెం తొందరగానే అర్థమవుతుంది.

తరువాత వచ్చిన రాయబారులు

దక్షిణాఫ్రికాలో భారతీయులను వేరు పేటలకే పరిమితం చేసే చట్టం తేవాలని 1920లలో ప్రయత్నం జరిగింది. ఆండ్రూస్ మళ్లీ అక్కడికి వెళ్లి చర్చలకు దారి వేశారు. 1927లో కేప్‌టౌన్ ఒప్పందం కుదిరి ఆ చట్టం అప్పటికి ఆగింది. ఆ తరువాత భారత ప్రభుత్వం దక్షిణాఫ్రికాలో తన ప్రతినిధిని నియమించడం మొదలుపెట్టింది. మొదటి ప్రతినిధి వి. ఎస్. శ్రీనివాస శాస్త్రి. 1929 నుంచి 1932 వరకు ఆ పదవిలో ఉన్నది మన తెలుగువాడు, ఏలూరులో న్యాయవాదిగా పేరు పొందిన సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు. పదవి లేని రాయబారి నడిచిన బాటలో పదవి ఉన్న రాయబారులు తరువాత నడిచారు.

ఆండ్రూస్ 1940 ఏప్రిల్ 5న కలకత్తాలో కన్నుమూశారు. ఆయన సమాధి ఆ నగరంలోనే ఉంది. 1971లో, ఆయన శతజయంతి సందర్భంగా, భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.

మనం గ్రహించవలసింది

ఆండ్రూస్‌కు సొంత ఇల్లంటూ లేదు. న్యూకాసిల్‌లో పుట్టి, ఢిల్లీలో పాఠాలు చెప్పి, శాంతినికేతన్‌లో ఉండి, సముద్రాల మీద తిరిగి, కలకత్తా మట్టిలో కలిసిపోయారు. ఏ ఊళ్లోనూ ఆయన పుట్టలేదు గనుక పరాయివాడని ఎవరూ తరువాత అనలేదు. ఒక ఊరు మనదయ్యేది అక్కడ ఎన్నేళ్లున్నామన్నదాన్ని బట్టి కాదు, అక్కడివారి కష్టం మనకు ఎంత పట్టిందన్నదాన్ని బట్టి. మూడేళ్లకో నాలుగేళ్లకో ఊరు మారే మనకు ఇది ధైర్యం ఇచ్చే మాట.

ఇంకొకటి ఆయన పని తీరు. ముందు వెళ్లి చూడాలి. బాధపడేవారి మాట వినాలి. ఎదుటి పక్షం మాట కూడా వినాలి. లెక్కలు సరిచూడాలి. ఆ తరువాత భయపడకుండా రాయాలి. ఇది పత్రికా విలేఖరికి ఎంత అవసరమో, తరగతిలో ఇద్దరు స్నేహితుల తగవు తీర్చబోయే మీకూ అంతే అవసరం.

కొత్త మాటలు

గిర్మిట్: విదేశీ తోటల్లో పనికోసం కూలీలు వేలిముద్ర వేసిన ఒప్పందం.
దళారి: మధ్యవర్తిగా ఉండి లాభం పొందేవాడు.
రాయబారం: ఒక పక్షం తరఫున మరో పక్షంతో మాట్లాడడం.
దీనబంధు: దీనులకు చుట్టం, ఆపన్నులకు ఆత్మీయుడు.
కంటగింపు: చూసి సహించలేకపోవడం.

ఆలోచించి రాయండి

1. చదువు రాని మనిషి వేలిముద్ర వేసిన కాగితాన్ని నిజమైన ఒప్పందం అనవచ్చా? మీ అభిప్రాయం కారణాలతో రాయండి.
2. ఫిజీలో ఆండ్రూస్ యజమానుల మాట కూడా ఎందుకు విన్నారు? వినకపోతే ఆయన నివేదికకు ఏమి లోపం వచ్చేది?
3. మటియాబుర్జ్‌లో చిక్కుకున్నవారి కష్టానికి కారణం ఎవరు? చట్టమా, ఓడ కంపెనీయా, సొంత ఊరివారా?
4. మీరు ఇప్పటివరకు ఎన్ని ఊళ్లలో ఉన్నారు? వాటిలో ఒక వీధికో కాలనీకో ఎవరి పేరు పెట్టారో పెద్దలను అడిగి తెలుసుకుని, ఆ వ్యక్తి గురించి పది వాక్యాలు రాయండి.